గేటు మందంగానే ఉంది, మరి ఎందుకు ఊడింది? స్లయిడింగ్ భద్రతా గేట్ల సమస్యలు, పరిష్కారాలు

ఫ్యాక్టరీకో, ఆసుపత్రికో, ఆఫీసు భవనానికో వాహనం దూసుకు రాకుండా స్లయిడింగ్ గేటు పెట్టించుకునేవారు దాదాపు అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు: "రేకు ఎంత మందం వేయమంటారు?" నేను తిరిగి అడిగేది వేరు. లారీ వచ్చి ఢీకొంటే ఆ దెబ్బ ఎటు పోతుంది? గేటు నుంచి స్తంభానికి, స్తంభం నుంచి పునాదికి, పునాది నుంచి నేలకు దానికొక దారి ఉండాలి. ఆ దారి మధ్యలో తెగితే రేకు మందం ఎంతైనా ఒకటే. కింద చెప్పే లక్షణాల్లో చాలావరకు ఆ దారి ఎక్కడ తెగిందో చూపించేవే.

గేటు నడిచేటప్పుడు ఊగుతోంది, పై గైడు దగ్గర చప్పుడు వస్తోంది

ఇది కనబడితే మిగతాది తర్వాత చదవండి. ముందు మోటారుకు కరెంటు ఆపి, గేటును గొలుసుతో స్తంభానికి కట్టేయండి. దెబ్బకు ఆగేలా కట్టిన గేటు టన్నుల బరువు ఉంటుంది. అది పడితే దాని కింద ఉండేది దాడికి వచ్చినవాడు కాదు, రోజూ దాన్ని తెరిచి మూసే కాపలాదారు, లేదా ఆ పక్కనే ఆడుకునే ఆయన బిడ్డ. ఒక గిడ్డంగిలో, గేటు చివరకు చేరగానే మోటారును ఆపే లిమిట్ స్విచ్ పాడై, చివరిదాకా వెళ్లిన గేటు ఆగకుండా ఇంకా ముందుకు పోయింది. ట్రాక్‌కు అతికించిన స్టాపర్ వెల్డింగు దగ్గర పుల్లలా విరిగింది. గేటు, తనను పైన నిలువుగా పట్టి ఉంచే గైడును దాటి నేలకు ఒరిగింది. కాపలాదారు అప్పుడే టీ తెచ్చుకోవడానికి వెళ్లాడు కాబట్టి బతికాడు. ఆ రోజు నుంచి ఏ గేటు చూడటానికి వెళ్లినా మొదట స్టాపర్లనే తట్టి చూస్తున్నాను.

కారణం సాధారణంగా మూడింట్లో ఒకటి: పైన గైడు రోలర్లు ఒక్క జతే ఉండటం, వాటి నైలాన్ అరిగి సందు పెరగడం, స్టాపర్ ట్రాక్‌కే అతికి ఉండటం. గైడు రోలర్లు రెండు జతలు ఉండాలి. ఒక జత ఊడినా రెండోది గేటును నిలబెట్టేంత ఎడంగా వాటిని బిగించాలి. రెండు చివరలా స్టాపర్లు కాంక్రీటులో పాతిన ఉక్కు దిమ్మలకు ఉండాలి, ట్రాక్‌కు కాదు. మోటారు పాడైనా, కాపలాదారు బలంగా తోసినా గేటు అక్కడ ఆగి తీరాలి. ఆధారం ఊడినా గేటు నిలువు నుంచి 45 డిగ్రీలకు మించి ఒరగకూడదని అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం ఎఫ్2200 చెబుతుంది. రెండు టన్నుల గేటు విషయంలో అది కూడా ఎక్కువేనని నా అభిప్రాయం. స్తంభం నుంచి గేటు పై అంచును చుట్టి ఉండే ఒక ఉక్కు కొక్కెం పెడితే చాలు, కొద్దిగా ఒరగగానే అది పట్టేస్తుంది. దాని ఖర్చు మోటారు ఖర్చులో చిన్న భాగం.

మూసుకునే గేటు మనిషికి తగిలినా ఆగడం లేదంటే అదీ ఈ కోవలోనిదే. గేటు, స్తంభం మధ్య సందు 500 మి.మీ. లోపు ఉన్నప్పుడు తాకిడి బలం 400 న్యూటన్లు మించకూడదని, 0.75 సెకన్లలో 150 న్యూటన్లకు తగ్గిపోవాలని ఐరోపా ప్రమాణం ఈఎన్ 12453 నిర్దేశిస్తుంది. బరువైన గేటు విషయంలో దేనికైనా తగిలినప్పుడు మోటారు లాగే కరెంటు పెరగడాన్ని బట్టి ఆపే పద్ధతి ఒక్కదాన్నే నమ్మలేం. గేటు ముందు అంచుకు ఒత్తితే ఆగే రబ్బరు పట్టీ వేయండి. అడ్డు వచ్చిన మనిషిని కాంతి కిరణంతో పసిగట్టి గేటును ఆపే ఫొటోసెల్ రెండు ఎత్తుల్లో పెట్టండి, ఒకటి పెద్దవాళ్ల నడుము ఎత్తులో, మరొకటి పాకే బిడ్డకు అందే ఎత్తులో.

ముగ్గురు ఫ్యాబ్రికేటర్లు, మూడు ధరలు, వాటి మధ్య పొంతన లేదు

ఆపాల్సింది ఏ వాహనాన్ని, ఏ వేగంలో అన్నది మీరు చెప్పలేదు. అందుకే ఎవరికి తోచిన గేటుకు వారు ధర కట్టారు.

ముందు మీ రోడ్డు కొలవండి. గేటు ఎదురుగా తిన్నగా ఎంత పరుగు దొరుకుతుంది? లోడుతో ఉన్న లారీ వేగం ప్రతి సెకనుకూ, సెకనుకు ఒక మీటరు చొప్పున పెరుగుతుందని అనుకుంటే, నిలబడిన చోటు నుంచి 50 మీటర్లలో గంటకు 36 కిలోమీటర్లు అందుకుంటుంది. 25 మీటర్లే ఉంటే దాని వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటదు. దెబ్బలోని శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, పరుగు సగమైతే శక్తీ సగమవుతుంది. దారిలో ఒక మలుపు, రెండు కాంక్రీటు దిమ్మెలు, ఒక పూలతొట్టె వరుస పెడితే గేటులో వేయాల్సిన ఉక్కు ఎంతో తగ్గుతుంది. ఉక్కు కన్నా మలుపు చవక.

ఆ తర్వాతే ప్రమాణం మాట్లాడాలి. ఏఎస్‌టీఎం ఎఫ్2656 ప్రకారం 6,800 కిలోల ట్రక్కును గంటకు సుమారు 48 కి.మీ. వేగంలో ఆపితే ఎం30, 64 అయితే ఎం40, 80 అయితే ఎం50. ట్రక్కు ఒక మీటరు మించి లోపలికి రాకపోతే పీ1 శ్రేణి. ఎం30 దెబ్బలో శక్తి సుమారు 6.1 లక్షల జౌళ్లు. దాన్ని ఒక మీటరులో ఆపాలంటే సగటున 60 టన్నులకు పైగా తోపును గేటు తట్టుకోవాలి. ఎం50కి శక్తి దాదాపు మూడింతలవుతుంది. మన రోడ్ల మీది 16 టన్నుల లారీ 30 కి.మీ. వేగంలో వచ్చినా 5.5 లక్షల జౌళ్లు ఉంటుంది, అంటే నెమ్మదిగా వచ్చే బరువైన లారీ కూడా ఎం30 దరిదాపుల్లోనే ఉంది. ఈ మాటలు కాగితం మీద రాసి ముగ్గురికీ ఇవ్వండి. పరీక్షా పత్రం ఉందని చెప్పేవారిని, ఆ పరీక్షలో గేటు వెడల్పు ఎంత, పునాది ఎలా ఉంది అని కూడా అడగండి. నాలుగు మీటర్ల గేటుకు వచ్చిన పత్రం మీ ఎనిమిది మీటర్ల గేటుకు చెల్లదు.

దెబ్బ తగిలింది, గేటు పెద్దగా వంగలేదు, మొత్తంగా ఊడి లోపలికి పడింది

నేను ఎక్కువగా చూసేది ఇదే. మామూలు స్లయిడింగ్ గేటు ముందు చివర ఒక చిన్న యూ ఆకారపు చానల్లోకి దూరుతుంది. దాని లోతు పది సెంటీమీటర్లుంటే గొప్ప. ఆరు మీటర్ల గేటు మధ్యలో మీటరు లోతు వంగితే రెండు చివరలూ కలిపి సుమారు 32 సెంటీమీటర్లు లోపలికి లాక్కుంటాయి. చానల్లోంచి గేటు జారిపోవడానికి అంత అక్కర్లేదు. ఇంకో తప్పు కూడా తరచుగా కనిపిస్తుంది: స్తంభాలు రోడ్డు వైపు ఉంటాయి, గేటు వాటికి లోపలి పక్కన నడుస్తుంది. అప్పుడు దెబ్బను ఆపేది స్తంభం కాదు, గైడును పట్టుకున్న నాలుగు బోల్టులు.

దెబ్బను మోసే స్తంభాలు గేటుకు లోపలి పక్కన, అంటే భవనం వైపు ఉండాలి. ఢీకొన్నప్పుడు గేటు వెనక్కి వెళ్లి వాటికి ఆనుకోవాలి. రెండు వైపులా గేటు చివర స్తంభాన్ని దాటి కనీసం అర మీటరు పక్కకు ఉండాలి, చివరల్లో స్తంభానికి తగులుకునే కొక్కేలుండాలి. అప్పుడు వంగిన గేటు జారిపోదు, తాడులా బిగుసుకుని లాగుతుంది. గేటు లోపల అడ్డంగా ఉక్కు తాళ్లు వేసి, వాటిని ఆ కొక్కేలకే కలిపితే ఈ పని ఇంకా బాగా జరుగుతుంది. చక్రాలు, ట్రాక్, మోటారు గేటు బరువు మోయడానికే. దెబ్బ వాటి మీదికి వెళ్లే డిజైను ఏదైనా తప్పే.

లారీ బలమంతా ఛాసిస్‌లో ఉంటుంది. గేటులోని ప్రధాన దూలం దానికి సరిగ్గా ఎదురుగా ఉండాలి. కిందికి ఉంటే లారీ మీదెక్కుతుంది, పైకి ఉంటే కిందికి దూరుతుంది. మీ దగ్గరికి వచ్చే నాలుగు లారీలను ఆపి టేపుతో కొలవండి. ఇక ఉక్కు విషయం: విరగకుండా వంగే మెత్తని ఉక్కే మేలు, భారతీయ ప్రమాణం ఐఎస్ 2062లోని ఈ250 రకం లాంటిది. వెల్డింగు తాను కలిపే ముక్క కన్నా బలంగా ఉండాలి. వెల్డింగు ముందే చిరిగితే ముక్కకు వంగే అవకాశమే రాదు, శక్తినంతా మింగేది ఆ వంగడమే.

స్తంభం వంగలేదు, పునాదితో సహా లేచి వచ్చింది

స్తంభం అడుగున ఉండే బేస్ ప్లేటును పలుచని కాంక్రీటు పలక మీద, రంధ్రంలో రసాయన జిగురుతో పట్టే యాంకర్ బోల్టులతో బిగిస్తే ఇలాగే అవుతుంది. బోల్టు తెగదు, చుట్టూ ఉన్న కాంక్రీటే శంకువులా ఊడి వస్తుంది. స్తంభాన్ని కాంక్రీటు పోసేటప్పుడే ఇనుప చువ్వల పంజరంలో నిలబెట్టి పాతాలి. రెండు స్తంభాల పునాదులనూ ట్రాక్ కింద ఒకే కాంక్రీటు దూలంతో కలపాలి. అప్పుడు స్తంభం ఒరగడానికి ప్రయత్నిస్తే దూలం మొత్తం అడ్డుపడుతుంది. ట్రాక్ కుంగదు కూడా. పాత గేటు కింద ఈ దూలం లేకపోతే, కొత్త గేటుకు డబ్బు పెట్టే ముందు దీనికి పెట్టండి.

గేటు నిలిచింది, లారీ పక్క గోడలోంచి వచ్చింది

తొమ్మిది అంగుళాల ఇటుక గోడ లారీని ఆపదు. గేటుకు ఇరువైపులా వాహనం చేరగలిగినంత మేర బొల్లార్డులో (వాహనాలను ఆపే పొట్టి స్తంభాలు), కాంక్రీటు గోడో, లోతైన కాలువో ఉండాలి. మనుషులు నడిచే చిన్న గేటునూ మరవకండి.

వానాకాలంలో గేటు ఇరుక్కుంటుంది, ఎండాకాలంలో ట్రాక్ పక్కన పగుళ్లు

గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్ ప్రాంతాల నల్లరేగడిలో ఇది గేటు తప్పు కాదు, నేల స్వభావం. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ట్రాక్‌ను ఎన్నిసార్లు సరిచేసినా మరుసటి వానకు మళ్లీ లేస్తుంది. అడుగున గంటలా ఉబ్బి ఉండే అండర్ రీమ్డ్ పైళ్లను, సాధారణంగా మూడున్నర మీటర్ల లోతుకు దించి, వాటి మీద దూలాన్ని ఆనించాలి. దూలం అడుగుకు, మట్టికి మధ్య ఖాళీ వదలాలి, ఉబ్బిన మట్టి దూలాన్ని ఎత్తకుండా ఉంటుంది. రోడ్డు మీద ట్రాక్ లేని క్యాంటిలీవర్ గేటు ఇంకో దారి. అయితే దాని తోక, అంటే మూసినప్పుడు కూడా ద్వారం పక్కనే ఉండి బరువును సరితూచే భాగం, ద్వారం వెడల్పులో మూడో వంతు నుంచి సగం దాకా ఉండాలి. దెబ్బ తగిలినప్పుడు కింది అంచు లోపలికి ఊగకుండా పట్టే ఏర్పాటు కూడా కావాలి.

తీరంలో: చక్రాలు బిగుసుకున్నాయి, గాలికి గేటు గైడు తప్పింది

రేకు వేసిన గేటు తెరచాపలాంటిది. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 విశాఖపట్నానికి ఇచ్చే మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, హైదరాబాదుకు 44. విశాఖ వేగంలో చదరపు మీటరుకు సుమారు 150 కిలోల ఒత్తిడి వస్తుంది. ఆరు మీటర్ల పొడవు, రెండు మీటర్ల ఎత్తు గేటు మీద అది 1,800 కిలోలు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను చూసిన ఊరికి ఈ లెక్క కొత్త కాదు. దెబ్బను ఆపడంలో రేకుకు పాత్ర లేదు, తీసేసి నిలువు కడ్డీలు వేయండి. తుప్పుకు రంగు చాలదు. వెల్డింగంతా అయ్యాక వేడి జింకులో ముంచాలి. మూసి ఉన్న పైపులకు ముందే రంధ్రాలు వేయించండి, లేకపోతే లోపలి గాలి వేడికి వ్యాకోచించి జింకు తొట్టిలో పైపు పేలుతుంది, పక్కనున్న కార్మికులు గాయపడతారు.

గేటు మూసేలోపే వాహనం లోపలికి వచ్చేసింది

నిమిషానికి 12 మీటర్లు నడిచే గేటు ఆరు మీటర్ల ద్వారాన్ని మూయడానికి 30 సెకన్లు తీసుకుంటుంది. 36 కి.మీ. వేగంలో వచ్చే లారీ ఆ సమయంలో 300 మీటర్లు దాటుతుంది. 1983 అక్టోబరు 23న బీరూట్‌లో 241 మంది అమెరికా సైనికుల ప్రాణాలు తీసిన పేలుడు ట్రక్కు తెరిచి ఉన్న గేటులోంచే వెళ్లింది. పెద్ద మోటారు వేస్తే గేటు వేగం పెరుగుతుంది, మనిషికి ప్రమాదమూ పెరుగుతుంది. కాబట్టి వాహనం మధ్యలో ఆగేలా రెండు గేట్లు పెట్టి, ఒకటి పూర్తిగా మూసుకుంటేనే రెండోది తెరుచుకునేలా కలపడమే సరైన పద్ధతి. చోటు లేకపోతే పగలు వేగంగా లేచే బొల్లార్డులు, రాత్రికి స్లయిడింగ్ గేటు.

చేత్తో తోస్తే గేటు కదులుతోంది

కరెంటు పోయినప్పుడు మోటారు క్లచ్ విడదీసి, మళ్లీ కలపలేదు. తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలో రాసిపెట్టండి, మోటారుతో సంబంధం లేని గడియ ఒకటి వేయించండి.

రివర్సులో లారీ కొద్దిగా తగిలింది, గేటు బాగానే ఉన్నట్టుంది

నట్లు, బోల్టులు, స్తంభం మొదలు కలిసే చోట్ల పెయింటుతో అడ్డగీతలు గీసి ఉంచండి. తగిలిన రోజే చూడండి. గీత తెగితే ఆ బోల్టు కదిలినట్టే, దాన్ని బిగించకండి, మార్చండి. వెల్డింగుల వెంట రంగు పగిలిందేమో చూసి, అక్కడ గోకి చీలిక ఉందో లేదో పరీక్షించండి. వంగిన దూలాన్ని గ్యాసుతో వేడి చేసి తిన్నగా చేస్తామని చెబితే ఒప్పుకోకండి. ఒకసారి వంగిన ఉక్కు తనకున్న వంగే శక్తిలో కొంత అప్పుడే ఖర్చు చేసేసింది. ఆ ముక్కను కోసి కొత్తది వేయించి, తేదీని గేటు పక్కనే రాయించండి.