కాటా అంకె కదలాలంటే విండో బిగుసుకోకూడదు

భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల షెడ్లలో కాటాని లాప్‌టాప్‌కి కలిపి, పైథాన్‌లో విండోలు చేసిపెట్టే టికింటర్‌తో చిన్న బిల్లు ప్రోగ్రాములు రాసుకునే కుర్రాళ్లకి ఓ మాట. బరువు మళ్లీ మళ్లీ చదవడానికి వైల్ లూప్, మధ్యలో కాసేపు ఆగడానికి టైమ్ డాట్ స్లీప్ పెడితే విండో కొయ్యబారిపోతుంది. బటన్ నొక్కినా పలకదు. ఇక్కడ ట్రేల్లో ఐసు కరుగుతుంటే రైతు ఊరుకుంటాడా!

బటన్ నొక్కుళ్లూ, విండో గీయడాలూ, టైమర్లూ అన్నీ టికింటర్ లోపల తిరుగుతూండే మెయిన్‌లూప్ చేతిమీదుగానే జరగాలి. మీ ఫంక్షన్ ముగిసేదాకా అది ఇంకోటి ముట్టుకోదు. అందుకని లూప్ తీసేసి, బరువు చదివే ఫంక్షన్ (పేరు ‘చదువు’ అనుకుందాం) చివర రూట్ డాట్ ఆఫ్టర్ (200, చదువు) అని రాయండి. 200 అంటే మిల్లీసెకన్లు; అంతసేపయ్యాక ‘చదువు’ని మళ్లీ పిలవమని మెయిన్‌లూప్‌కి చెప్పడమన్నమాట. ‘చదువు’ పక్కన మళ్లీ బ్రాకెట్లు పెట్టారో, తనని తానే ఆగకుండా పిలుచుకుని రికర్షన్ ఎర్రర్‌తో పడిపోతుంది. అందరూ తడబడేది అక్కడే.

కాటా పంపేది చదివే పైసీరియల్ లైబ్రరీలో టైమౌట్ ఇవ్వకపోతే, లైను మొత్తం వచ్చేదాకా చూసే రీడ్‌లైన్ కూడా ఇలాగే ఆపేస్తుంది. ఎన్ని బైట్లు వచ్చి ఉన్నాయో చెప్పే ఇన్ వెయిటింగ్ చూసి, వచ్చినన్ని బైట్లే తీసుకోండి. సగం లైనే రావచ్చు. కలుపుకుంటూ పోయి, లైను చివరి గుర్తు న్యూలైన్ కనబడ్డాకే, విండోలో బరువు చూపే లేబుల్ మార్చండి. లేదంటే 48.5 కిలోలు కాస్తా 8.5 అని కనబడుతుంది, అప్పుడు గొడవ మీతోనే.

చదవడానికి విడిగా పక్కన నడిచే థ్రెడ్ వాడతామంటారా, వాడండి. లేబుల్‌ని మాత్రం అందులోంచి ముట్టుకోకండి. థ్రెడ్‌లో బరువు క్యూలో వేసి, మెయిన్‌లూప్ వైపు నుంచి ఆఫ్టర్‌తో తీసుకోండి.