వరద సెలవుల్లో పెర్మాడెత్ మొదలుపెట్టేవారికి జాగ్రత్తలు

గత వారం రాజోలు వైపు ఒక యువకుడు ‘నో మ్యాన్స్ స్కై’ అనే అంతరిక్ష వీడియో గేమ్‌లో తన పెర్మాడెత్ సేవ్‌ను, అంటే అప్పటిదాకా ఆడినదంతా దాచిన ఫైలును, పోగొట్టుకున్నాడు. యూక్లిడ్ గెలాక్సీ కేంద్రానికి చేరువలో ఉన్న సేవ్ అది. ఈ మోడ్‌లో ఒక్కసారి చనిపోతే ఆ సేవ్ అక్కడితో ముగిసిపోతుంది కాబట్టి, నెలల తరబడి సమకూర్చుకున్న ఓడ, సూట్, సరుకు అన్నీ ఒక్క నిమిషంలో పోయాయి. అతన్ని దొంగల ఓడలు కూల్చలేదు, గ్రహాలకు కాపలా కాసే సెంటినెల్స్ అనే యంత్రాలు చుట్టుముట్టలేదు. ఒక వేడి గ్రహం మీద తుపాను వీస్తుండగా, తన ఓడ కంటికి కనిపిస్తున్నంత దూరంలోనే, సూట్ రక్షణను నింపే సోడియం అయిపోయి ఆటలో చనిపోయాడు.

ఈ వార్త విన్న తరువాత ఇది రాయకుండా ఉండలేకపోయాను. గోదావరికి వరద వచ్చి ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం పెరుగుతుంటే కోనసీమలో బడులకూ కళాశాలలకూ సెలవులిస్తారు, కుర్రాళ్లందరూ ఇళ్లలోనే ఉంటారు, వారిలో చాలామంది వాయిదా వేస్తూ వచ్చిన పెర్మాడెత్‌ను సరిగ్గా ఆ రోజుల్లోనే మొదలుపెడతారు. ఎర్ర మొక్కలో ఆక్సిజన్, పసుపు మొక్కలో సోడియం, నీలి స్ఫటికంలో డైహైడ్రోజన్ దొరుకుతాయన్న సంగతులు ఆటే మొదట్లో నేర్పుతుంది కనుక వాటి జోలికి పోను. ఎంతోమందిని ముంచిన తప్పు ఒకటుంది. ప్రధానంగా దాని గురించే చెబుతాను.

తిరుగు వాటా

ఓడ నుంచి బయటికి నడిచేటప్పుడు మీ దగ్గరున్న సోడియంలో తిరిగి రావడానికి కావలసిన వాటాను ముందే పక్కన పెట్టుకుని, దాన్ని ఏ కారణం చేతనైనా ముట్టుకోకుండా ఉండాలి. ఇది పాటించని వారే ఎక్కువగా చనిపోతున్నారు. వాతావరణం నుంచి సూట్ ఇచ్చే రక్షణ ఎంత మిగిలిందో చూపే హజార్డ్ ప్రొటెక్షన్ గీత తగ్గగానే సోడియం నింపుతారు, మళ్లీ తగ్గగానే మళ్లీ నింపుతారు, గీత నిండుగా కనిపిస్తోంది కదా అని ముందుకు సాగిపోతారు. గీత నిండుగానే ఉంటుంది, సంచి మాత్రం ఖాళీ అవుతూ ఉంటుంది. చూడవలసింది సంచిని.

సగం అయ్యాక వెనుదిరుగుదామనే లెక్క కూడా సరిపోదు. వెళ్లేటప్పుడు వాతావరణం నెమ్మదిగా ఉండి, వచ్చేటప్పుడు తుపాను పట్టుకుంటే, అదే దూరానికి ఖర్చయ్యే సోడియం ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుచేత మూడు వంతుల్లో ఒక వంతు ఖర్చయిందంటే వెనుదిరగండి. మన లంక రైతు ధవళేశ్వరంలో 11.75 అడుగుల దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక రాగానే పశువులను ఏటిగట్టు మీదికి తోలుకొస్తాడు, 13.75 అడుగుల రెండో హెచ్చరిక దాకా ఆగితే పాయ దాటడమే కష్టమవుతుందని అతనికి తెలుసు. పెర్మాడెత్‌లో కూడా మొదటి హెచ్చరిక దగ్గరే కదలాలి.

ఆ యువకుడి విషయంలో జరిగింది కూడా ఇదే. తుపాను వస్తోందని సూట్ ముందే చెప్పింది. తుపాను సమయంలో మాత్రమే వెలిగే స్టార్మ్ క్రిస్టల్స్ కోసం అతను కావాలనే ఆగాడు. అవి మంచి ధర పలుకుతాయి, నేల మీద కాంతి చిమ్ముతూ దూరం నుంచే పిలుస్తున్నట్టు ఉంటాయి, పైగా ఒకటి తీసేసరికి మరొకటి కనిపిస్తుంది. మొదటిదాని దగ్గర ఒకసారి సోడియం నింపాడు, రెండోదాని దగ్గర మరోసారి నింపాడు, మూడోదాని కోసం గట్టు ఎక్కి అక్కడ చివరి గుప్పెడు సోడియం కూడా వాడేశాడు. వెనక్కి తిరిగిన తరువాత గీత సున్నాకు పడింది, షీల్డ్ పోయింది, ఆరోగ్యం ఒక్కో గడి చొప్పున తరిగింది. ఆ సమయమంతా అతని చేతిలో నేలను తవ్వే టెర్రైన్ మానిప్యులేటర్ ఉంది. కాళ్ల కింద ఏటవాలుగా ఒక గొయ్యి తవ్వుకుని అందులోకి దిగి ఉంటే, గీత దానంతట అదే నిండేది, తుపాను వెళ్లిపోయేది. ఓడ కనిపిస్తోంది కదా, పరుగెత్తితే చాలనుకున్నాడు.

కాబట్టి మళ్లీ చెబుతున్నాను: తిరుగు వాటా ముట్టుకోవద్దు. అది ముట్టుకోవలసిన పరిస్థితి వచ్చిందంటే పరుగెత్తడం మానేసి, నిలబడిన చోటే తవ్వండి. పక్కనే గుహ గాని, కట్టడం గాని ఉంటే అందులోకి వెళ్లండి.

కరెంటు, సేవ్

వరద రోజుల్లో మన దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో చెప్పలేం. నీళ్లు చేరిన ఊళ్లకు భద్రత కోసం సరఫరా ఆపేస్తారు కూడా. సేవ్ రాస్తున్న క్షణంలో కంప్యూటర్ ఆరిపోతే ఆ ఫైలు పాడయ్యే అవకాశం ఉంది కనుక యూపీఎస్ లేకుండా డెస్క్‌టాప్ మీద పెర్మాడెత్ ఆడకండి. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో అయితే, అందులోని కరెంటు ముందు ఇంటి దీపాలకూ ఫోన్ల ఛార్జింగ్‌కూ చెందుతుంది. ఆట తరువాతి సంగతి.

ఓడ నుంచి దిగిన ప్రతిసారీ ఆట తనంతట తాను సేవ్ చేసుకుంటుంది. కాబట్టి మబ్బు పట్టిన రోజున ఎక్కువసేపు ఎగురుతూనే ఉండకుండా మధ్యలో ఎక్కడైనా దిగి మళ్లీ ఎక్కడం మంచి అలవాటు. విండోస్ కంప్యూటర్‌లో సేవ్‌లు ‘యాప్‌డేటా’ కింద ‘హలోగేమ్స్’ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. దానికి నకలు తీసి పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోవచ్చు. దీన్ని మోసం అనేవారు ఉన్నారు. కరెంటు పోయి ఫైలు పాడవడం ఆట పెట్టిన పరీక్ష కాదు గనుక ఆ ఒక్క అవసరానికి నకలు వాడటం తప్పు కాదని నా అభిప్రాయం. చనిపోయిన తరువాత ఆ నకలును తెరిస్తే మాత్రం మీరు ఆడుతున్నది పెర్మాడెత్ కాదు.

గ్రహం మీద దిగేటప్పుడు

కొత్త గ్రహం మీద కాలు పెట్టగానే అక్కడి వాతావరణం, సెంటినెల్స్ స్వభావం తెర మీద కనిపిస్తాయి. అవి చదవకుండా ఓడ నుంచి పది అడుగులు కూడా వేయవద్దు. తీవ్ర వాతావరణం ఉన్న గ్రహాల్లో యాక్టివేటెడ్ రాగి వంటి మేలైన లోహాలు దొరుకుతాయి నిజమే. అయితే అక్కడికి మొదటి వారంలో వెళ్లవలసిన పని ఎవరికీ లేదు. సెంటినెల్స్ చూడగానే దాడి చేసే గ్రహమైతే ఇంకేమీ ఆలోచించకుండా తిరిగి ఎక్కండి.

దిగడం ఎంత తేలికో లేవడం అంత తేలిక కాదు. నేల మీది నుంచి ఎగిరే ప్రతిసారీ లాంచ్ థ్రస్టర్ ఇంధనం ఖర్చవుతుంది, స్పేస్ స్టేషన్‌లోనూ ట్రేడ్ పోస్ట్‌లోనూ ఉండే ల్యాండింగ్ ప్యాడ్‌ల మీది నుంచి లేస్తే ఖర్చు కాదు. దగ్గరలో ప్యాడ్ ఉంటే దాని మీదే దించండి. లాంచ్ ఫ్యూయల్ తయారీకి డైహైడ్రోజన్, మెటల్ ప్లేటింగ్ కావాలి. మెటల్ ప్లేటింగ్‌కు ఫెరైట్ డస్ట్ కావాలి. కనీసం ఒక ఎగురుడికి సరిపడా ఇంధనం తయారుగా సంచిలో లేకుండా ఎక్కడా దిగవద్దు. ఇది కూడా తిరుగు వాటాయే. ఓడను పిలిస్తే వస్తుందన్న ధైర్యంతో థ్రస్టర్‌ను ఖాళీగా వదిలి దూరం నడిచిన వారి కథలు బాగా ముగియవు.

ఈ మోడ్‌లో ఒక్కో గడిలో పట్టే సరుకు మామూలు మోడ్ కంటే చాలా తక్కువ. అందువల్ల సోడియాన్ని రిఫైనర్‌లో వేసి సోడియం నైట్రేట్‌గా మార్చి మోయండి; అదే చోటులో ఎక్కువ రక్షణ ఇముడుతుంది. అమ్మకానికి పనికొచ్చే సరుకు కోసం సోడియం గడిని ఖాళీ చేయవద్దు.

ఆక్సిజన్‌కూ తిరుగు వాటా ఉంది. ఆక్సిజన్‌తో నిండే లైఫ్ సపోర్ట్ గీతను కూడా అదే లెక్కతో చూడండి.

విస్పరింగ్ ఎగ్స్‌ను పగలగొట్టవద్దు. ఖాళీ కట్టడాల చుట్టూ కనిపించే ఆ గుడ్ల నుంచి వచ్చే జీవులను తట్టుకునే ఆయుధం మీ దగ్గర లేకపోతే ఆ చుట్టుపక్కల నిలబడవద్దు.

సెంటినెల్ చూస్తుండగా తవ్వవద్దు. అది మీ వైపు తిరిగితే ఎదురు కాల్పులు జరపవద్దు, భూమిలోకి దిగండి.

తెలియని మొక్కను విజర్‌తో (సూట్‌లోని పరిశీలన అద్దంతో) చూసిన తరువాతే దగ్గరికి వెళ్లండి. కొన్ని మొక్కలు కొడతాయి, కొన్ని విషం చిమ్ముతాయి.

జెట్‌ప్యాక్ ఖాళీ అయ్యే స్థితిలో కొండ అంచు నుంచి దూకవద్దు.

నీటి అడుగున ఊపిరికి వేరే లెక్క ఉంటుంది. పైకి రావడానికి పట్టే సమయం తెలియకుండా లోతుకు దిగవద్దు.

విలువైన సరుకు నింపుకుని అంతరిక్షంలో తిరిగితే దొంగలు వెంటపడతారు. పోరాడే శక్తి లేనప్పుడు నేరుగా స్పేస్ స్టేషన్‌కు వెళ్లి లోపల దిగండి.

నిద్ర వస్తుంటే ఆడవద్దు.

భోజనానికి లేచేటప్పుడు తెరను అలా వదిలి లేవవద్దు. ఓడ నుంచి దిగి సేవ్ పడనిచ్చి, ఆటను మూసి అప్పుడు లేవండి.

మీ పెర్మాడెత్ సేవ్‌ను తమ్ముడికి గాని, బావమరిదికి గాని ఒక్క నిమిషం కూడా ఇవ్వవద్దు. వారికి వేరే సేవ్ తెరిచి ఇవ్వండి.

పక్కన కూర్చున్నవారు “ఇంకొక్కటి తీసుకుని పోదాం” అంటే వినవద్దు.

స్టార్మ్ క్రిస్టల్స్ కోసం వెళ్లాలనే ఉంటే ముందుగా ఓడ పక్కనే ఒక గొయ్యి తవ్వి ఉంచండి, దారిలో మధ్యమధ్య మరికొన్ని తవ్వండి, ఒక గొయ్యి నుంచి మరో గొయ్యికి మాత్రమే కదలండి, ప్రతి గొయ్యిలో గీత పూర్తిగా నిండేదాకా ఆగండి. గీత నిండకముందే బయటికి రావద్దు. సంచిలో తిరుగు వాటా తప్ప ఇంకేమీ మిగలనప్పుడు, ముందున్న క్రిస్టల్ ఎంత దగ్గరలో ఉన్నా వదిలేసి వెనక్కి రండి.