సంతకం పెట్టే ముందు గదిలో కూర్చోండి

విజయనగరంలో ఆటిజం పిల్లల సెంటర్లో నా కింద నలుగురు థెరపిస్టులు పనిచేస్తున్నారు. మొన్న బొబ్బిలి నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి, "మేడం, నన్ను సూపర్‌వైజర్ని చేసేరు. ఏటి చెయ్యాలి?" అంది. ఆమెకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు గంటలు. అమెరికాలో బిహేవియర్ టెక్నీషియన్లకి (మన థెరపిస్టుల్లాంటివాళ్లకి) సర్టిఫికెట్ ఇచ్చే బోర్డు నియమం ప్రకారం, నెలలో చేసిన థెరపీ గంటల్లో కనీసం 5 శాతం సూపర్‌విజన్ ఉండాలి. ఒక్కసారైనా పిల్లాడితో పనిచేస్తుండగా చూడాలి. 2023 జనవరి నుంచి ఆ బోర్డు మన దేశం నుంచి కొత్త దరఖాస్తులు తీసుకోవట్లేదు. అయినా ఆ లెక్క నాకు పనికొస్తోంది. ఒక థెరపిస్టుకి రోజుకి ఐదు గంటలు, 24 రోజులు, మొత్తం 120 గంటలు. అందులో ఆరు గంటలు మీవి. నెల మొదట్లోనే క్యాలెండర్లో రాసీండి. ఖాళీ దొరికినప్పుడు చూద్దాం అనుకుంటే దొరకదు.

నాకు దొరకలేదు. వెనకటికి ఇంకో చోట పనిచేసేటప్పుడు పిల్లాడు ఎన్నిసార్లు సరిగ్గా చేసేడో థెరపిస్టులు రోజూ రాసే షీట్ల కట్ట నెలాఖరున ముందేసుకుని సంతకాలు గీకేసేదాన్ని. ఒక బాబు (వివరాలు మార్చేను) నోటితో అడగడం నేర్చుకుంటున్నాడు. షీట్లో రోజూ పది ప్రయత్నాలకి ఎనిమిది, తొమ్మిది సరైనవి. ఒకే పెన్ను, ఒక్క కొట్టివేత లేదు. అనుమానం రావలసింది, రాలేదు. ఓ రోజు వాళ్లమ్మ, "నీళ్లు కావాలంటే ఇప్పటికీ నా చెయ్యే లాగుతాడమ్మా. మీ కాయితంలో మాట వచ్చీసిందని ఉందేటి?" అంది. థెరపిస్టుని పిలిచి అడిగేను. బస్సులో కూర్చుని అంకెలు నింపేదట. "మూడు వచ్చిన రోజు మీరు తిట్టేరు కదా మేడం" అంది. తప్పు ఆ పిల్లదొక్కర్తిదే అనడానికి నాకు నోరు రాలేదు.

అప్పట్నుంచి తక్కువ అంకె తెచ్చినవాళ్లని తిట్టను. దానికి బదులు వెనక కూర్చుని పిల్లాడు ఎన్నిసార్లు అడిగేడో నేనూ లెక్కపెడతాను, ఒకరి కాగితం ఒకరం చూసుకోకుండా. ఆమెకి 12, నాకు 9 వచ్చేయనుకోండి. చిన్నదాన్ని పెద్దదానితో భాగిస్తే 75 శాతం. 80 కంటే తగ్గితే ఎవరిది తప్పని కాదు, దేన్ని లెక్కెయ్యాలో ఇద్దరం ఒకలా అనుకోలేదని. మేం షీటు పైన రాసుకున్నది ఇది: "నీళ్లకి 'నీ' అన్నా లెక్కే. చెయ్యి లాగితే లెక్క కాదు."

చూశాక మాట్లాడేది విడిగా, తల్లిదండ్రుల ఎదుట కాదు. అదీ ఒక్క విషయమే. మొన్న ఒకమ్మాయి గుప్పిట్లో బహుమతిగా పెట్టే మురీలు (మరమరాలు) పట్టుకుని బొమ్మలు చూపిస్తోంది. పిల్లాడి చూపు బొమ్మ మీద లేదు, గుప్పిట మీదుంది. మురీల గిన్నె వెనక అలమరాలో పెట్టించి, నేను కూర్చుని చేసి చూపించేను. నాకూ రెండుసార్లు కుదర్లేదు. ఆమె నవ్వేసింది. పన్నెండు సలహాల కంటే అదే బాగా పనిచేసింది.

మిగతావి టూకీగా. పిల్లల ఫొటోలు, వీడియోలు సొంత ఫోన్లో వద్దు, వాట్సాప్ గ్రూపులో అసలే వద్దు. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, చదివి వినిపించాలి. కొట్టడం, గిల్లడం, తిండి ఆపడం చేస్తే రెండో అవకాశం లేదు. లైంగిక వేధింపు అనుమానం వస్తే 2012 పోక్సో చట్టం కింద పోలీసులకి చెప్పి తీరాలి. తన కింద పనిచేసేవాళ్లు చేసినదాన్ని సెంటర్ పరువు పోతుందని దాచిన యజమానికి ఏడాది దాకా జైలు.

ఇక బంధుత్వాలు. మన ఊళ్లలో ఎవర్ని కదిపినా ఎవరికో వరసవుతారు. పిల్లాడి మేనత్తే థెరపిస్టయితే కేసు మార్చండి. సిరిమానోత్సవానికి తల్లులు చీరలు తెస్తారు. మజ్జిగ పుచ్చుకుంటాం, చీర వెనక్కిచ్చేస్తాం. అదీ సూపర్‌వైజరే చెప్పాలి. చిన్నవయసు థెరపిస్టుల చేత చెప్పించి ఇరుకున పెట్టకూడదు.

ఇప్పుడు నా సంతకం పక్కన ఎన్నింటి నుంచి ఎన్నింటిదాకా గదిలో ఉన్నానో రాస్తాను. లేని రోజు "చూడలేదు" అని రాస్తాను. పోయిన నెల షీట్లలో అలాంటివి రెండున్నాయి.