వేట మాంసం విందు పెట్టి పిల్లలకు డబ్బు పోగుచేయాలంటే నవంబరులోనే మొదలుపెట్టండి

మేముండేది విస్కాన్సిన్‌లో ఒక చిన్న ఊరు. ఏటా ఫిబ్రవరిలో చర్చి కింది హాల్లో వేట మాంసం విందు జరుగుతుంది, ఇక్కడివాళ్లు వైల్డ్ గేమ్ డిన్నర్ అంటారు. వేటకెళ్లేవాళ్లు తమ ఫ్రీజర్లలోంచి మాంసం ఇస్తారు, మిగతావాళ్లం వండి వడ్డిస్తాం, వచ్చిన డబ్బు పిల్లల బేస్‌బాల్ జట్టుకీ, ఫోర్-హెచ్ అనే పిల్లల క్లబ్బుకీ పోతుంది. అమెరికా చిన్న ఊళ్లలో మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు, మీ ఊళ్లోనూ ఇలాంటి విందు ఉంటే కమిటీలో చేరండి, లేకపోతే మొదలుపెట్టండి. ఎలాగో నాకు తెలిసింది చెప్తాను.

ముందు చట్టం సంగతి. ఇక్కడ వేటాడిన జంతువు మాంసం అమ్మడం దాదాపు ఎక్కడా కుదరదు. దానంగా వచ్చిన మాంసంతో సేవా సంస్థలు విందు పెట్టుకోవడానికి చాలా రాష్ట్రాలు దారి ఇచ్చాయి గానీ షరతులు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి. టికెట్ మీద డోనేషన్ అని రాసేస్తే చాలనుకోవద్దు. మీ రాష్ట్ర వన్యప్రాణి శాఖకీ, కౌంటీ ఆరోగ్య శాఖకీ ఇద్దరికీ మెయిల్ పెట్టి, ఏ మాంసం వడ్డించవచ్చో, టికెట్ ఎలా పెట్టాలో, ఏ వంటగది వాడాలో రాతపూర్వకంగా తెప్పించుకోండి. లాటరీ టికెట్లు అమ్మాలన్నా, బీరు పెట్టాలన్నా వేరే లైసెన్సులు కావాలి. బాతుల్లాంటి వలస పక్షులకు ఫెడరల్ నిబంధన ఉంది: ఇచ్చేవాళ్లు తమ సంతకం, చిరునామా, పక్షుల రకం, ఎన్ని, ఏ తేదీన కొట్టారో రాసిన చీటీ కట్టి ఇవ్వాలి.

ఇక అసలు విషయం మాంసం. విందు ఫిబ్రవరిలో అయినా దాని మంచీచెడూ తేలిపోయేది నవంబరులోనే. మా దగ్గర తుపాకీతో జింకలు కొట్టే తొమ్మిది రోజుల సీజన్ థ్యాంక్స్‌గివింగ్ పండగ ముందు శనివారం మొదలవుతుంది. అంతకు నెల ముందే వేటగాళ్లకి మనకేం కావాలో చెప్పేయాలి, ఎందుకంటే ఆ తర్వాత అడిగితే వాళ్లు చేయగలిగేది ఏమీ ఉండదు.

జింకలకు సీడబ్ల్యూడీ అనే మెదడు జబ్బు ఉంది. విస్కాన్సిన్‌లో 2002లో బయటపడింది. మనుషులకు సోకినట్టు ఇప్పటిదాకా రుజువు కాలేదు, కానీ జబ్బు తేలిన జింకను తినొద్దనే అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్తుంది, దానికి కారణమైన ప్రియాన్లు అనే చెడిన ప్రోటీన్లు ఎంత ఉడికించినా పోవు. అందుకని పరీక్ష చేయించి జబ్బు లేదని వచ్చిన జింక మాంసమే తీసుకుంటామని ముందే చెప్పండి. పరీక్షకు జింక మెడ దగ్గరి గ్రంథులు కావాలి, మాంసం ప్యాకెట్లలోకి వెళ్లిపోయాక చేయించలేరు. ఇంకో మాట, మాంసం కొట్టించే చోట నాలుగైదు జింకల్ని కలిపి కీమా చేసేస్తుంటారు, తమ జింకను విడిగానే చేయమని అడగమనండి. కీమాలో పంది కొవ్వు గానీ ఆవు కొవ్వు గానీ కలిపారా అన్నది కూడా కనుక్కోవాలి, మనవాళ్లలో అది తిననివాళ్లు ఉంటారు కదా.

సీసం గుండుతో కొడితే దాని పొడి గాయం చుట్టూ దూరం దాకా చెదురుతుంది, కంటికి కనపడదు. 2008లో నార్త్ డకోటాలో ఇందుకే పేదలకు పంచడానికి వచ్చిన జింక కీమాను పారేయమన్నారు. విందు పిల్లల కోసం, తినేవాళ్లలోనూ పిల్లలే ఎక్కువ, కాబట్టి రాగి గుండుతో గానీ బాణంతో గానీ కొట్టిన జింక కీమానే తీసుకోండి.

ప్రతి ప్యాకెట్ మీదా ఏ జంతువు, ఎవరిచ్చారు, ఏ తేదీ, పరీక్ష నంబరు ఉండాలి. ఒక ఏడాది మాకు చీటీ లేని కీమా ఇరవై పౌండ్లు వచ్చింది, ఇచ్చినాయన మంచి మనిషి, చాలా నొచ్చుకున్నాడు, అయినా వండలేదు. మీరూ వండకండి.

లెక్క విషయానికొస్తే, మనిషికి ఎముక లేని పచ్చి మాంసం అర పౌండు వేసుకోండి. రెండు వందల మందికి వంద పౌండ్లు, అంటే సుమారు రెండు పెద్ద జింకలు. గడ్డకట్టిన మాంసాన్ని ఫ్రిజ్‌లోనే కరగనివ్వాలి, నాలుగైదు పౌండ్లకు ఒక రోజు పడుతుంది. శనివారం విందుకు పెద్ద ముక్కలు మంగళవారమే ఫ్రిజ్‌లోకి దించాలి.

జింక మాంసానికి ఆ నీచు వాసన ఎక్కువగా దాని కొవ్వు వల్లా, పైనున్న తెల్లటి పొర వల్లా వస్తుంది. రెండూ ఓపిగ్గా తీసేయండి, రాత్రంతా మజ్జిగలో నానబెట్టండి. మంది ఎక్కువైనప్పుడు స్టీక్స్ జోలికి పోకండి, కొవ్వు లేని మాంసం కాబట్టి రెండు నిమిషాలు ఆలస్యమైతే తోలులా అవుతుంది. చిల్లీ (ఇక్కడివాళ్లు చేసే చిక్కటి కీమా కూర), పులుసు కూర, సాసేజీ, ఇవైతే వేడిగా గంటలు నిలుస్తాయి. అల్లం వెల్లుల్లి, ధనియాల పొడి, లవంగాలు, కాస్త గసగసాల ముద్ద వేసి జింక కీమా కూర చేసి చూడండి, మా విందులో అన్నిటికన్నా ముందు ఖాళీ అయ్యేది అదే. కారం మాత్రం సగానికి తగ్గించండి.

థర్మామీటర్ లేకుండా వంట మొదలుపెట్టొద్దు. కీమాకి 160 డిగ్రీల ఫారెన్‌హీట్, పక్షులకి 165, వడ్డించే బల్ల మీద 140కి తగ్గకూడదు. ఎలుగుబంటి మాంసం వస్తే 165 దాకా పోనివ్వండి. అందులో ట్రైకినెల్లా పురుగులు ఉండొచ్చు, వాటిలో కొన్ని రకాలు ఫ్రీజర్‌లో కూడా చావవు. 2022లో సౌత్ డకోటాలో ఒక కుటుంబం 45 రోజులు ఫ్రీజర్‌లో పెట్టిన ఎలుగుబంటి మాంసాన్ని సరిగా కాలకుండానే తిన్నారు, ఆరుగురికి జబ్బు చేసింది, వాళ్లలో ఇద్దరు మాంసమే ముట్టలేదు, దానితో కలిపి వండిన కూరగాయలు తిన్నారంతే. శాకాహారుల వంటకి గిన్నెలు, గరిటెలు, పొయ్యి విడిగా ఎందుకు పెట్టాలో ఇంతకన్నా నేను చెప్పక్కర్లేదు. ప్రతి గిన్నె ముందూ జంతువు పేరు, కలిపిన కొవ్వు, జీడిపప్పు, వేరుశనగ లాంటివేమైనా ఉంటే అవి రాసి పెట్టండి.

డబ్బు దేనికో టికెట్లు అచ్చు వేయకముందే తేల్చుకోండి. "యువత కోసం" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. "పన్నెండేళ్ల లోపు జట్టుకు హెల్మెట్లు, ఇద్దరికి కాలేజీ సాయం" అని టికెట్ మీదే ఉంటే ఇచ్చేవాళ్ల మనసు వేరుగా ఉంటుంది. డబ్బు లెక్కించేటప్పుడు ఒకరికొకరు బంధువులు కాని ఇద్దరు కూర్చోవాలి. వడ్డనకు ఆ పిల్లల్నే నిలబెట్టండి, మాంసం ఇచ్చినాయనకి కూర వడ్డించే అబ్బాయి నెత్తిన రేపు పెట్టుకునే హెల్మెట్ ఆయనదే కదా, ఇద్దరికీ అది తెలియాలి.

మన ఊళ్లో ఉన్నవాళ్లకి ఒక మాట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇండియాలో అడవి జంతువుల్ని వేటాడటం, ఆ మాంసం దగ్గర ఉంచుకోవడం నేరం. ఊరి పిల్లల కోసం మీరు విందు పెట్టాలనుకుంటే నాటుకోడి, రాగి సంకటి పెట్టండి, మిగతా ఏర్పాట్లన్నీ ఇవే.

విందు అయిన వారంలో మాంసం ఇచ్చిన ప్రతి ఇంటికీ ఎంత వచ్చిందో, దేనికి ఖర్చయిందో రాసి పిల్లల సంతకాలతో ఉత్తరం పంపండి. హాలు కూడా అప్పుడే వచ్చే ఫిబ్రవరికి బుక్ చేసేయండి, మా దగ్గరైతే వేసవి దాకా ఆగితే శనివారాలు దొరకవు.