జబ్బు భయానికి థెరపీ: గుణం ఇస్తోందో లేదో చూసుకోవడం ఎలా

"ఏదో పెద్ద జబ్బు ఉందేమోనన్న భయం తగ్గిందా?" అని రోజూ మనసుని అడిగితే లెక్క తేలదు. సరిగ్గా నిద్రపట్టని మర్నాడు, ఊళ్లో ఎవరికో గుండెపోటు వచ్చిందని విన్న రోజు భయం ఎలాగూ పెరుగుతుంది. చూడాల్సింది, భయం వచ్చాక మీరేం చేస్తున్నారన్నది.

ఒక చిన్న నోటుపుస్తకం చాలు. బీపీ, నాడి, గడ్డలు ఎన్నిసార్లు చూసుకున్నారు, "ఏం కాదు కదా?" అని ఎన్నిసార్లు అడిగారు, ఫోన్లో జబ్బుల గురించి ఎన్ని నిమిషాలు వెతికారు, భయపడి ఏ పని మానుకున్నారు: రాత్రి ఒక్కసారి, ఐదు నిమిషాల్లో రాసెయ్యండి. గంటగంటకీ రాస్తే అదే ఇంకో తనిఖీ అయి కూర్చుంటుంది. మొదటి వారం ఏ అలవాటూ మార్చకుండా ఉన్నది ఉన్నట్టు రాయండి. తర్వాత పోల్చాల్సింది వారం మొత్తాలనే.

బీపీ మిషన్ సంగతే చూడండి. రాత్రి పదింటికి 138/88. రెండు నిమిషాల్లో మళ్లీ పట్టీ కడితే 146/92. గాబరాతో కొలిస్తే పెరగడం మామూలే. మూడోసారి 132 వస్తే హమ్మయ్య అనిపిస్తుంది. ఆ హమ్మయ్యే రేపు మళ్లీ పట్టీ కట్టిస్తుంది. మెడ కింద గడ్డ ఉందేమోనని రోజుకి ఇరవైసార్లు నొక్కినా అంతే, నొక్కిన చోటే నొప్పి పుట్టి కొత్త అనుమానమవుతుంది. థెరపీ పనిచేస్తుంటే ముందు పుస్తకంలోని ఈ తనిఖీల అంకెలు దిగుతాయి, భయం తర్వాత దిగుతుంది. తనిఖీలు మానేసిన మొదటి రెండు మూడు వారాలు భయం కాస్త ఎక్కువైనా కంగారు పడక్కర్లేదు. నిజంగా బీపీ ఉన్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పినన్నిసార్లే కొలుచుకోవాలి.

దొంగ తగ్గుదలలు కూడా ఉంటాయి. మిషన్ బీరువాలో పెట్టి చేతికి స్మార్ట్ వాచీ కట్టుకోవడం ఒకటి. నేరుగా అడగడం మానేసి, "ఏమేవ్, నా మొహం పాలిపోయినట్టు లేదూ?" అనడం ఇంకోటి. రెండూ లెక్కలోకే వస్తాయి. ఇంట్లోవాళ్లు "ఏం లేదండీ" అనే బదులు "ఇది బెంగ అడిగిస్తున్న ప్రశ్న, జవాబు చెప్పను" అనేలా ముందే మాట్లాడుకోండి.

మానుకున్న పనులు మళ్లీ మొదలవడం అన్నిటికన్నా గట్టి గుర్తు. నది మధ్యలో ఏమైనా అయితే ఎలాగని, నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటు (పెద్ద పడవ) ఎక్కకుండా చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి సఖినేటిపల్లి వెళ్లే మనిషి పంటెక్కితే అది అసలు మార్కు. డాక్టరు రాయని సార్బిట్రేట్ (గుండెనొప్పి) బిళ్ల జేబులో పెట్టుకుని ఎక్కితే సగం మార్కే.

సిట్టింగ్ అయ్యాక తేలిగ్గా ఉంది కదా అని గుణం అనుకోకండి. "మీకేం లేదు" అన్న మాట కోసమే వెళ్తుంటే, ఊళ్లో ఆర్‌ఎంపీ గారిచ్చే ధైర్యాన్నే ఇక్కడ ఎక్కువ ఫీజిచ్చి కొంటున్నట్టు. సీబీటీ (ఆలోచనలనీ అలవాట్లనీ మార్చే థెరపీ) అయితే ప్రతి వారం ఇంట్లో చేయాల్సిన పని ఇచ్చి, మళ్లీ వచ్చినప్పుడు అడగాలి. మామూలుగా 12 నుంచి 16 సిట్టింగులు పడుతుంది. షార్ట్ హెల్త్ యాంగ్జైటీ ఇన్వెంటరీ అనే 18 ప్రశ్నల పట్టీ ఉంది, మొత్తం 54 మార్కులు. మొదట్లో ఒకసారి, తర్వాత నెలకోసారి పెట్టమనండి.

ఇచ్చిన పని చేస్తున్నా ఆరేడు సిట్టింగులకి పుస్తకంలో అంకెలు కదలకపోతే, ఆ పుస్తకమే థెరపిస్ట్ ముందు పెట్టండి. పద్ధతి మార్చడమో, సైకియాట్రిస్ట్ సలహాతో మందు చేర్చడమో చూడాలి. ఆ మందుల గుణం తెలియడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, మధ్యలో సొంతంగా ఆపకూడదు. బతకాలనిపించకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు.

చెమటలతో ఛాతీ నొప్పి, ఒక పక్క కాలూ చెయ్యీ పడిపోవడం, ఊపిరాడకపోవడం లాంటివి వస్తే బెంగేనని ఊరుకోకుండా 108కి చేయండి. చిన్నాచితకా లక్షణానికి ఎన్నాళ్లు ఆగాలో ఒకే డాక్టరుతో ముందే ఖాయం చేసుకోండి.

వానాకాలంలో డెంగీ కబుర్లు మొదలయ్యాక అంకెలు మళ్లీ ఎగరొచ్చు. అప్పుడు ఎంత పైకెళ్లాయని కాదు, ఎన్నాళ్లలో దిగాయో చూడండి. గతేడాది నెల పట్టింది ఈసారి వారంలో దిగితే థెరపీ గుణం ఇస్తున్నట్టే.