సెకండ్ హ్యాండ్ కాయిలోవర్లు కొనేముందు, బిగించేముందు

కారు ఎత్తు దించాలని సెకండ్ హ్యాండ్ కాయిలోవర్లు (షాక్ అబ్జార్బర్, దాని చుట్టూ స్ప్రింగ్ కలిసి ఉండే, ఎత్తు మార్చుకోగల సెట్లు) వెతుకుతున్నారా? ఫొటో చూసి డబ్బు పంపేయకండి. షాక్ అబ్జార్బర్ రాడ్ మీద వేలితో రాసి చూడండి, ఆయిల్ బాగా తడిగా అంటితే సీల్ పోయినట్టే, గీతలు పడి తుప్పు పట్టిన రాడ్ అయితే ఇవాళ కాకపోతే రేపు కారుతుంది. రాడ్‌ని లోపలికి నొక్కితే మధ్యలో ఎక్కడా వదులు తగలకుండా ఒకే బిగువుతో వెళ్లాలి. బాడీ మీది మరలు తుప్పుపట్టి కాలర్ (ఎత్తు మార్చడానికి తిప్పే రింగు) తిరగకపోతే బేరం కూడా ఆడొద్దు. కోసిన స్ప్రింగులు ఊరికే ఇచ్చినా తీసుకోకండి, చక్రం గాల్లోకి లేచినప్పుడు స్ప్రింగ్ తన గూటిలోంచి జారిపోవచ్చు.

స్ప్రింగ్ ఉన్న షాక్ అబ్జార్బర్‌ని విప్పేటప్పుడు స్ప్రింగ్ కంప్రెసర్ (స్ప్రింగ్‌ని నొక్కి పట్టే పనిముట్టు) పెట్టకుండా దాని పై నట్టు ముట్టుకోవద్దు, ప్రాణం మీదికొస్తుంది. చాలామంది వదిలేసేది ఇంకొకటుంది: కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని కారు ఛాసిస్‌కి కలిపే చెయ్యి) బోల్టుల్ని కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే పూర్తిగా బిగించాలి, లేకపోతే రబ్బరు బుష్‌లు మెలితిరిగి త్వరగా చిరుగుతాయి. మొదట 25-30 మిల్లీమీటర్లు దించితే చాలు. స్టీరింగ్‌ని రెండువైపులా చివరిదాకా తిప్పి టైరు ఎక్కడైనా రాసుకుంటోందేమో చూసి, ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించండి, హెడ్‌లైట్ల ఎత్తు కూడా సరిచేయించండి.