చెలకలో సున్నం చల్లే ముందు నీళ్ల సంగతి చూడండి

మృగశిర కార్తె రాకముందే దుక్కులు ముగించి, భూసార పరీక్ష కార్డులో పీహెచ్ (నేల పులుపును చెప్పే అంకె, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) తక్కువ కనబడిందని సున్నం బస్తాలు దింపుకునే రైతులకు ఈ నాలుగు మాటలు. సున్నం నేలలోని ఆమ్ల గుణాన్ని తగ్గించడమే కాదు, నేల వాన నీళ్లు తాగే తీరును కూడా మారుస్తుంది. వానే ఆధారమైన నల్లగొండ, మహబూబ్‌నగర్ చెలకల్లో ఈ రెండో సంగతే ముఖ్యం.

అసలు మన ఎర్ర చెలకలన్నీ పుల్లబడినవి కావు. చాలావాటి పీహెచ్ 6, 7 చుట్టూ ఉంటుంది, వాటికి సున్నం అక్కరలేదు. ఏళ్ల తరబడి పశువుల ఎరువు లేకుండా యూరియా, డీఏపీ, అమ్మోనియం సల్ఫేట్ మీదే నడిచిన ఇసుక చెలకల్లో ఆమ్లం పెరుగుతుంది. పీహెచ్ 5.5 కంటే దిగిన నేలలో అల్యూమినియం కరిగి వేర్ల కొనలను దెబ్బతీస్తుంది. వేర్లు పైనే ఆగిపోతాయి కాబట్టి అడుగున పదును ఉన్నా, వారం రోజులు వాన లేకపోతే పైరు వాలిపోతుంది. అలాంటి నేలకు సున్నం నిజంగా మేలు చేస్తుంది.

అయితే ఆ అల్యూమినియమే మట్టిలోని బంక రేణువులను ఒకదానికొకటి పట్టి ఉంచుతుంది. సున్నం కరిగి పీహెచ్ పెరిగేకొద్దీ ఆ పట్టు వదులుతుంది, రేణువులు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. కాల్షియం చాలినంత చేరి మళ్లీ కూడగట్టే వరకు మట్టి చెదిరే ప్రమాదం ఉంటుంది. సరిగ్గా అప్పుడే పెద్ద వాన పడితే సన్న మట్టి సందుల్లో పూడుకుని పైన పక్కు కడుతుంది. నీరు లోపలికి దిగక గెట్టు దాటిపోతుంది, పత్తి మొలక పక్కును చీల్చుకుని రాలేదు. అందుకే సున్నం విత్తనానికి కనీసం 3, 4 వారాల ముందే పడాలి. పైన చల్లి వదలకుండా జానెడు లోతు వరకు దున్ని కలపాలి.

ఎంత వేయాలన్నది పీహెచ్ అంకె ఒక్కటే చూసి తేల్చలేం. ల్యాబ్‌లో సున్నం అవసరం ఎంతో విడిగా లెక్క కట్టి చెప్పమని అడగండి. ఇసుక చెలకలో కొద్ది సున్నానికే పీహెచ్ చాలా పెరుగుతుంది. ఎక్కువైతే ఇనుము, జింకు అందక బత్తాయి ఆకులు, పల్లి ఆకులు పసుపు పచ్చబడతాయి. పక్క రైతు ఎన్ని బస్తాలు వేశాడన్నది మీ లెక్క కాకూడదు.

ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఒకటుంది, దీన్ని మాత్రం వదలొద్దు. శనగ గింజంత ఎండు మట్టి పెళ్లను గ్లాసులో వాన నీళ్లలో మెల్లగా వదిలి, కదపకుండా ఒక పూట ఉంచండి. బోరు నీళ్లు వద్దు, వాటిలోని ఉప్పు అసలు సంగతిని దాచేస్తుంది. పెళ్ల చుట్టూ నీరు పాలలా మబ్బుగా మారితే మట్టి చెదిరే రకం. పెళ్ల విరిగిపోయినా నీరు తేటగా ఉంటే ఆ నేలకు కావలసింది పశువుల ఎరువు, పచ్చిరొట్ట. పరీక్ష చేయించిన చెరువు మట్టి కూడా పనికొస్తుంది. ఎన్ని బస్తాల సున్నం వేసినా ఆ లోటు తీరదు.

సోడియం ఎక్కువున్న బోరు నీళ్లు పారించే పొలాల్లో ఇంకా జాగ్రత్త అవసరం. సోడియం రేణువులను మరింత విడదీస్తుంది. సోడియం పేరుకున్న కారు చౌడు నేలకు సున్నం అసలు వేయకూడదు, అక్కడ జిప్సమే మందు. జిప్సం పీహెచ్‌ను పెంచదు కానీ సున్నం కంటే త్వరగా కరిగి కాల్షియం అందిస్తుంది. పల్లికి పూత దశలో ఎకరానికి 200 కిలోల జిప్సం వేసేది కాయ కోసమే. దాన్ని ఆమ్లానికి మందు అనుకోకండి.

కాల్చిన సున్నం కళ్లను, చర్మాన్ని కాలుస్తుంది. అద్దాలు, గ్లౌజులు, ముక్కుకు గుడ్డ లేకుండా ముట్టుకోవద్దు, గాలి రోజున చల్లొద్దు, పిల్లలను దగ్గరికి రానివ్వద్దు. యూరియాతో కలిపి వేస్తే నత్రజని గాలిలో కలిసిపోతుంది.

మొదటి ఏడాది చేనంతా కాకుండా ఒక పట్టీకే వేసి, పక్కన అంతే చోటు వదలండి. రెండు మంచి వానలు పడ్డాక రెండుచోట్లా అడుగు కోసిన డబ్బాను నేలలో దిగేసి, సమానంగా నీళ్లు పోసి, ఏది ముందు ఇంకుతుందో చూడండి. సున్నం పట్టీలో నీరు నిలిస్తే పదును మీద గుంటక తోలి పక్కు విరగ్గొట్టండి, మిగతా బస్తాలు విప్పకండి.